బాలింతకు మొదటి ఆరు వారాలు: పాలు, నిద్ర, పథ్యం, కుట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెద్దవాడు మే నెల ఎండల్లో, ఆపరేషన్ అయి పుట్టాడు. చిన్నది నాలుగేళ్ల తర్వాత మామూలు కాన్పులో పుట్టింది. రెండు పురుళ్లూ అమ్మ దగ్గరే. ఆ తర్వాత చెల్లెళ్లు, మరదళ్లు, ఆఫీసు స్నేహితురాళ్లు రాత్రి రెండింటికి వాట్సాప్‌లో అడిగిన ప్రశ్నలే ఇవన్నీ. నేను డాక్టర్ని కాను. పిల్లల డాక్టరు, మా ఊరి ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సు) చెప్పగా తెలుసుకున్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి రాస్తున్నాను.

ఇంట్లో పెద్దల మాట ఒకటి, డాక్టరు మాట ఇంకొకటి అయినప్పుడు నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. బాలింతను పడుకోబెట్టే ఆచారమైనా, ఆమెకు వేడివేడిగా వండిపెట్టే ఆచారమైనా నిక్షేపంగా ఉంచుకోండి. బిడ్డ నోట్లో, ముక్కులో, చెవిలో, కంట్లో, బొడ్డు మీద ఏదో ఒకటి వేసే ఆచారమైతే వదిలేయండి. కింద ఉన్న వాటిలో సగం ప్రశ్నలు దీంతోనే తేలిపోతాయి.

మూడో రోజు వచ్చింది, ఇంకా పాలు పడలేదు. డబ్బా పాలు తెమ్మంటున్నారు. ఏం చేయాలి?

మొదట వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చాలా కొద్దిగా వస్తాయి. అందుకే "పాలే లేవు" అనిపిస్తుంది. మొదటి రోజు బిడ్డ కడుపుకి పట్టిన ప్రతిసారీ చెంచాడు పాలు చాలు. ముర్రుపాలు ఆ కొలతకే వస్తాయి, రోగాల నుంచి కాపాడే శక్తి కూడా వాటిలోనే ఎక్కువ. వాటిని పిండి పారబోయడం పాత అలవాటు, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

రొమ్ములు బరువెక్కి తెల్లటి పాలు రావడం సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మొదలవుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకు, తొలి కాన్పు వాళ్లకు ఇంకొక రోజు పట్టొచ్చు. ఈలోగా చేయాల్సిన పని ఒకటే. బిడ్డను ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకోవడం, నోరు తెరిచినప్పుడల్లా పట్టడం. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. పాలు ఖాళీ అయితేనే మళ్లీ ఊరతాయి. మధ్యలో డబ్బా పాలు పడితే బిడ్డ కడుపు నిండి పడుకుంటాడు, రొమ్ము దగ్గర చప్పరించడు, ఊరాల్సిన పాలు ఊరవు. అప్పుడు ఇంట్లోవాళ్లు "చూశావా, నీకు పాలు లేవు" అంటారు. నాకు మొదటిసారి జరిగింది సరిగ్గా ఇదే.

అలాగని మొండికేయకూడదు కూడా. బిడ్డ బాగా బరువు తగ్గినా, మత్తుగా పడుకుని లేవకపోయినా, చక్కెర తగ్గిందని డాక్టరు చెప్పినా, వాళ్లు పట్టమన్నవి పట్టండి. ముందు పిండిన తల్లిపాలు, అవి చాలకపోతే దాత పాలు దొరికే చోట అవి, లేదంటే డబ్బా పాలు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు ఉంది. నెలలు నిండని పిల్లలకు అక్కడి పాలు ప్రాణం నిలుపుతాయి.

పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? సీసా అయితే కొలత కనిపిస్తుంది కదా.

పైనుంచి పోసింది కనపడకపోతే కిందనుంచి వచ్చేది లెక్కపెట్టుకోవాలి, అంతే! మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు ఉచ్చ పోస్తే చాలు. అయిదారు రోజులకల్లా రోజుకు ఆరుసార్లకు తగ్గకూడదు. దొడ్డికి మొదట నల్లగా తారులా వస్తుంది, తర్వాత ఆకుపచ్చగా మారి, అయిదో రోజుకు ఆవపిండిలా పసుపు రంగుకి రావాలి. అయిదో రోజు కూడా నల్లగానే ఉంటే పాలు సరిగా అందడం లేదని అనుమానించి చూపించండి.

బరువు సంగతి చెప్పి తీరాలి. పుట్టిన దాదాపు ప్రతి బిడ్డా మొదటి వారంలో కాస్త తగ్గుతుంది. మూడు కిలోల బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు వస్తే కంగారు పడొద్దు. పదో వంతుకు మించి తగ్గితే మాత్రం డాక్టరు చూడాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు వచ్చేయాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. రోజూ తూచకండి, పిచ్చెక్కుతుంది. వారానికోసారి, ఒకే కాటా మీద.

ఏడుపును కొలతగా పెట్టుకోవద్దు. రొమ్ములు మెత్తగా ఉన్నాయనో, పంపుతో తీస్తే రెండు చెంచాలే వచ్చాయనో పాలు లేవని తేల్చేయొద్దు. బిడ్డ లాగినట్టు ఏ పంపూ లాగదు.

చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. పాలిచ్చేటప్పుడు ప్రాణం పోతోంది.

మొదటి రోజుల్లో నోరు పెట్టగానే కాసేపు చురుక్కుమనడం ఉంటుంది. పాలు తాగినంతసేపూ నొప్పి ఉందంటే బిడ్డ పట్టు సరిగా లేదని అర్థం. చనుమొన ఒక్కటే నోట్లోకి పోతే పగుళ్లు తప్పవు. చుట్టూ ఉన్న నల్లటి వలయం కూడా, ముఖ్యంగా కింది వైపు, నోట్లోకి పోవాలి. చనుమొనతో బిడ్డ పైపెదవిని తాకించండి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచినప్పుడు బిడ్డను రొమ్ము మీదికి తీసుకురండి, రొమ్మును బిడ్డ మీదికి వంచకండి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. సరిగా పట్టకపోతే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి, పట్టు వదిలించి మళ్లీ ప్రయత్నించండి. ఊరికే లాగితే ఇంకా చీరుకుంటుంది.

తాగాక చివరి చుక్కలు రెండు చనుమొనకు రాసి గాలికి ఆరనివ్వండి. సబ్బు వాడొద్దు. వారమైనా తగ్గకపోతే నర్సుతో బిడ్డ పట్టు చూపించుకోండి. బిడ్డ నాలుక కింది పొర బిగుతుగా ఉండటం లాంటి కారణాలు కూడా ఉంటాయి.

రొమ్ము రాయిలా గట్టిపడి చలిజ్వరం వచ్చింది. పాలు మానేయాలా?

మానకూడదు. మానితే గడ్డకట్టి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. పట్టే ముందు గోరువెచ్చటి తడిగుడ్డ, పట్టాక చల్లటి గుడ్డ వేసుకోండి. గట్టిగా పిసికే మర్దనలు వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది. పారాసిటమాల్ పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు. ఒకచోట ఎర్రగా కందిపోయి, జ్వరం ఒక రోజు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలిస్తూనే వాడగలిగే యాంటీబయాటిక్స్ ఉన్నాయి.

సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా వదలకుండా తాగుతూనే ఉంటాడు. పాలు చాలకేనా?

కాదు. దాదాపు అందరు పిల్లలూ సాయంత్రాలు ఇలాగే వెంటవెంటనే తాగుతారు. రెండు, మూడు, ఆరు వారాల వయసులో రెండు మూడు రోజులు ఒక్కసారిగా ఆకలి పెరిగినట్టు ఉంటుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఆ నాలుగు గంటలూ మీరు కదలలేరు కాబట్టి ముందే అన్నం తినేసి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని కూర్చోండి. వంటింటి పని ఎవరు చేస్తారన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు.

తేనె నాకించడం, ఆముదం, ఉగ్గు, గ్రైప్ వాటర్, ఎండాకాలం కాబట్టి కాసిని నీళ్లు?

ఇవేవీ వద్దు. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి విషం తయారుచేసి కండరాలను చచ్చుబడేస్తాయి. వాము నీళ్లు, వస కొమ్ము అరగదీసి పెట్టడం, ఆముదం పట్టడం ఇవన్నీ విరేచనాలు, వాంతులు తెచ్చేవే. ఆముదం మింగడంలో పొరపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ల విషయానికొస్తే, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. రెంటచింతల ఎండలోనైనా ఆరు నెలల దాకా వేరే నీళ్లు అక్కర్లేదు, పాలు ఎక్కువసార్లు పడితే సరిపోతుంది. డాక్టర్లు రాసే విటమిన్ డి చుక్కలు (రోజుకు 400 యూనిట్లు) మాత్రం వేయాలి, తల్లిపాలలో అది తక్కువ.

బామ్మగారికి నొప్పి తగలకుండా ఎలా చెప్పాలంటారా? నేను డాక్టరు గారి చేత చెప్పించాను. నా మాట కంటే ఆయన మాటకు విలువ ఎక్కువ, ఆ సంగతి నాకు తెలుసు.

డబ్బా పాలే పట్టాల్సి వస్తే?

సిగ్గుపడాల్సిన పని లేదు, జాగ్రత్తగా పట్టండి. మరిగించిన నీళ్లతో, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచగా కలిపితే బిడ్డ ఎండిపోతుంది. మిగిలినవి పారబోయండి. సీసా కంటే ఉగ్గుగిన్నె మంచిది. కడగడం తేలిక, బిడ్డ రొమ్ము పట్టడం మరిచిపోదు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె లాంటిదే పెద్ద ఆసుపత్రుల్లో బరువు తక్కువ పిల్లల వార్డులో నర్సులు వాడతారు. అక్కడ దాని పేరు పాలడై. బిడ్డను కాస్త లేపి కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పెదవి అంచున ఆనించి కొద్దికొద్దిగా వంచాలి. వెల్లకిలా పడుకోబెట్టి గొంతులో పోయకూడదు.

పాలు పిండి దాచొచ్చా?

దాచొచ్చు. మన ఎండలకు బయట నాలుగు గంటలకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో అయితే లోపలి అరలో పెట్టండి, కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లలో ఒక రోజులో వాడేయడం మేలు. పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చ చేయాలి. ఉద్యోగం చేసేవాళ్లకు మొదటి ఇద్దరు పిల్లల వరకు చట్టప్రకారం 26 వారాల సెలవు ఉంది కాబట్టి ఈ ఆరు వారాల్లోనే పంపు కొనేసి టెన్షన్ పడనక్కర్లేదు.

పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. ఎప్పటికి మారుతుంది?

పుట్టిన పిల్లలు రోజుకు 16, 17 గంటలు పడుకుంటారు. ఆ మాట వినగానే "మరి నాకెందుకు నిద్ర లేదు?" అనిపిస్తుంది. ఎందుకంటే అది రెండేసి మూడేసి గంటల ముక్కలుగా ఉంటుంది. వాళ్లకు రాత్రీ పగలూ తేడా తెలిసేసరికి ఆరేడు వారాలు పడుతుంది. పగలు కిటికీలు తెరిచి, ఇంటి చప్పుళ్ల మధ్యే పడుకోనివ్వండి. రాత్రి చిన్న లైటు, మాటలు తక్కువ, గుడ్డ మార్చి పాలిచ్చి పడుకోబెట్టడం. రాత్రి పాలు మాన్పించే ప్రయత్నం ఇప్పుడొద్దు, పాలు ఊరించే హార్మోను రాత్రిళ్లే ఎక్కువ పనిచేస్తుంది. మొదటి రెండు వారాలు, పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా, మూడు గంటలకు మించి పడుకుంటే లేపి పట్టండి.

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెప్తారు. ఆ సమయంలో చూడ్డానికి వచ్చిన చుట్టాలకు కాఫీలు ఎవరు కలుపుతారో ఒక్కరూ చెప్పరు. మా రెండో పురుడికి అమ్మ ఒక నియమం పెట్టింది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా తలుపు తీయదు. పాలవాడైనా సరే, పెద్దమామయ్య అయినా సరే. చుట్టాలు నొచ్చుకున్నారు, బారసాలకు వచ్చి భోంచేసి మరిచిపోయారు.

పక్కలో పడుకోబెట్టుకోవచ్చా?

మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. బిడ్డ తల్లి గదిలోనే, చేయి చాచితే అందే దూరంలో, తన సొంత పక్క మీద పడుకోవడం అన్నిటికంటే మంచిది. ఏ పక్క అయినా గట్టిగా ఉండాలి, ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. బొర్లా, పక్కకు వద్దు. వెల్లకిలా ఉంటే పాలు కక్కి పొరపోతుందేమోనన్న భయం అక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల తిప్పుకోగలదు.

తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, పక్కల దొర్లకుండా పెట్టే బొంతలు, మెత్తటి బొమ్మలు ఇవన్నీ ముఖానికి అడ్డం పడి ఊపిరాడనివ్వవు. తీసేయండి. ఆ పక్క మీద తాగినవాళ్లు, సిగరెట్ అలవాటున్నవాళ్లు, మత్తు మందులు వేసుకున్నవాళ్లు పడుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, రెండున్నర కిలోల లోపు బిడ్డను పెద్దల పక్కలో వేసుకోవద్దు. సోఫాలో పాలిస్తూ కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం.

చీర ఉయ్యాలలో కళ్ల ముందు ఉన్నంతసేపు, పగటి కునుకుకు వేయొచ్చు. రాత్రంతా వద్దు, గడ్డం ఛాతీకి ముడుచుకుపోయి గాలి అందదు.

ఏసీ వేయొచ్చా?

వేయొచ్చు. 26, 27 దగ్గర పెట్టి, గాలి నేరుగా తగలకుండా చూడండి. పెద్దవాళ్లు వేసుకున్న దానికంటే ఒక్క పొర ఎక్కువ చాలు. మే నెలలో టోపీ, సాక్సు, ఊలు దుప్పటి కలిపి చుట్టేస్తే చెమటకాయలు, జ్వరం రెండూ వస్తాయి. బిడ్డ మెడ వెనక చేయి పెట్టి చూడండి, అది వేడిగా చెమటగా ఉంటే ఒక పొర తీసేయండి.

గంటల తరబడి గుక్కపట్టి ఏడుస్తోంది. దిష్టేనా?

దిష్టి తీయండి, ఉప్పూ మిరపకాయలూ ఎవరికీ చెడు చేయవు, పొగ మాత్రం బిడ్డకు దూరంగా. ఆ తర్వాత ఆకలి, తడిగుడ్డ, ఉక్క, వేలికి చుట్టుకున్న దారం పోగు ఒక్కొక్కటీ చూడండి. ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారానికి శిఖరానికి చేరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. భుజాన వేసుకుని నడవడం, ఒంటికి ఒళ్లు ఆనించుకోవడం, ఒకే రకం చప్పుడు కొంత పనిచేస్తాయి.

మీకే కోపం తన్నుకొస్తుంటే బిడ్డను వెల్లకిలా పక్క మీద పడుకోబెట్టి, పది నిమిషాలు బయటికి వెళ్లి ఊపిరి పీల్చుకోండి. ఏడిస్తే బిడ్డకేం కాదు. విసుగులో గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం అవుతుంది. ఇది నాన్నలకు, తాతలకు కూడా.

బిడ్డ పచ్చబడింది, కామెర్లట. పొద్దుటి ఎండలో పెడితే పోతుందా?

రెండు మూడు రోజులకు ముఖం పచ్చబడటం చాలామంది పిల్లల్లో ఉంటుంది. వారం రోజుల్లో తగ్గుతుంది. పాలు బాగా తాగి దొడ్డికి పోతే ఆ పసుపు కూడా అందులోనే పోతుంది. ఎండ చికిత్స కాదు, ఎండలో పెట్టి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి. పుట్టిన మొదటి రోజే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, బిడ్డ పాలు మాని మత్తుగా ఉన్నా ఆ రోజే చూపించాలి. ఆసుపత్రిలో లైటు కింద పెడితే చాలావరకు తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా పచ్చదనం పోక, దొడ్డికి సున్నంలా తెల్లగా వస్తుంటే అది కాలేయం సంగతి, అస్సలు ఆగకూడదు. పసరు పోయడం, పొట్ట మీద వాతలు పెట్టడం ఇంకా జరుగుతున్నాయని విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

బొడ్డు, స్నానం, నూనె, సాంబ్రాణి?

బొడ్డు మీద ఏమీ వేయకండి. పసుపు, బూడిద, పౌడరు, ఆముదం ఏదీ వద్దు. పొడిగా, గుడ్డ కిందికి మడిచి గాలి తగిలేలా ఉంచితే సాధారణంగా రెండు వారాల్లో ఊడిపోతుంది. ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. పుట్టిన మొదటి 24 గంటలు స్నానమే వద్దు.

కాళ్లు చాపుకుని కూర్చుని బిడ్డను కాళ్ల మీద వేసుకుని పోసే స్నానం చూడముచ్చటగా ఉంటుంది. నేను ఒక్కసారీ సరిగా పోయలేకపోయాను. మెత్తగా నూనె రాయడం మంచిదే. ముక్కులో, చెవుల్లో చుక్కలు వేయడం, నోట్లో వేలు పెట్టి గల్ల తీయడం, ముక్కు నిలబెట్టాలని నొక్కడం, చిన్న రొమ్ముల్లో పాలు పిండటం మాత్రం ఆపించండి. తల్లి హార్మోన్ల వల్ల ఆడైనా మగైనా పుట్టిన బిడ్డ రొమ్ములు కాస్త ఉబ్బుతాయి, పిండితే చీము పడుతుంది. ఆడపిల్లలకు మొదటి వారంలో రెండు చుక్కల రక్తం కనిపించడం కూడా ఆ హార్మోన్ల వల్లే. సాంబ్రాణి పొగ వద్దు. కాటుక కంట్లో వద్దు, అరికాలికి పెట్టి మురిసిపోండి.

పథ్యం ఎన్ని రోజులు? పప్పు, పెరుగు, కూరలు పెట్టడం లేదు. నీళ్లు కూడా తాగనివ్వడం లేదు.

ఈ ఒక్క విషయంలో నేను గొడవపడ్డాను. పాలిచ్చే తల్లికి మామూలు రోజుల కంటే రోజుకు సుమారు 600 కేలరీలు ఎక్కువ కావాలని హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మాంసకృత్తులూ ఎక్కువే కావాలి. కారంపొడి, నెయ్యి, రెండు ముద్దల అన్నంతో అవి రావు.

పథ్యంలో మంచి చాలా ఉంది. బాలింత కాయం (మూలికలు, దినుసులతో చేసే ఘాటైన లేహ్యం), వెల్లుల్లి కారం, నెయ్యి, మెంతికూర, బీరకాయ, పొట్లకాయ, కోస్తాలో పాలసొర చేప పిట్టు, తెలంగాణలో తలకాయ కూర. వెల్లుల్లి తిన్నా, సొర తిన్నా పాలు వాటివల్లే పడతాయని గట్టిగా చెప్పలేం కానీ, చేపలో మంచి మాంసకృత్తులున్నాయి. కాయం చిటికెడంత తింటే ఫరవాలేదు, ముద్దలు మింగితే కడుపులో మంట. తీసేసిన వాటినే తిరిగి చేర్చాలి: పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, పండు. మీరు పెరుగు తింటే బిడ్డకు జలుబు చేయదు. పప్పు తింటే ఆపరేషన్ కుట్లకు చీము పట్టదు, నిజానికి గాయం మానేది ఆ మాంసకృత్తులతోనే.

నీళ్లు మానితే పొట్ట తగ్గుతుందనేది ఎక్కడినుంచి వచ్చిందో గానీ, దానివల్ల వచ్చేది మలబద్ధకం, మూత్రంలో మంట. కుట్లున్న మనిషికి మలబద్ధకం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగండి. వేడినీళ్లే తాగాలంటే వేడినీళ్లే తాగండి, కానీ తాగండి. చెవుల్లో దూది, తలకు గుడ్డ మీ ఇష్టం.

ఐరన్ మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు, కాల్షియం మాత్రలు కూడా ఆరు నెలలు వేసుకోవాలి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. రెండూ ఒకేసారి మింగొద్దు, టీతో అసలే వద్దు.

రక్తం ఎన్నాళ్లు పోతుంది?

మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగుగా, ఆ తర్వాత తెల్లగా, మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టడం గర్భసంచి ముడుచుకుంటోందనడానికి గుర్తు, రెండో కాన్పులో ఇంకా ఎక్కువ. గంటకో ప్యాడు తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా, కుళ్లిన వాసన వచ్చినా ఇంట్లో కషాయాలు పెట్టుకుంటూ కూర్చోకండి.

ఆపరేషన్ కుట్లు, నడుం నొప్పి, పొట్ట గురించి?

మర్నాటి నుంచే మెల్లగా నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. లేచేటప్పుడు పక్కకు తిరిగి చేతి మీద లేవండి. దగ్గొచ్చినప్పుడు కుట్ల మీద దిండు అదుముకోండి. ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దు. నీళ్ల బకెట్ కూడా. కుట్లు ఎర్రబడి, చెమ్మ కారితే చూపించండి.

నడుం నొప్పికి అందరూ వెన్నులో ఇచ్చిన మత్తు సూదిని తిడతారు. పాపం, నెలల తరబడి ఉండే నొప్పి దానివల్ల కాదు. పొట్ట కండరాలు సాగి ఉండటం, వంగి పాలివ్వడం అసలు కారణాలు. వీపు వెనక దిండు, ఒళ్లో దిండు పెట్టుకుని బిడ్డను పైకి తెచ్చుకోండి. నడుముకు చీర కట్టుకుంటే నిలబడ్డప్పుడు హాయిగా ఉంటుంది, దానివల్ల పొట్ట మాత్రం లోపలికి పోదు. ఊపిరాడనంత బిగిస్తే కింది కండరాల మీద ఒత్తిడి పడుతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, అయినా ఊరికే ఏడుపొస్తోంది. బిడ్డ మీద ప్రేమ కూడా కలగడం లేదు.

మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య ఇలా మొదలవడం చాలామందిలో ఉంటుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు. రెండు వారాల్లో తేలికపడుతుంది. మొదటి చూపులోనే ప్రేమ పొంగాలని రూలేం లేదు, నాకు మా వాడి మీద ప్రేమ మూడో వారంలో ఒక తెల్లవారుజామున వచ్చింది. అప్పటిదాకా వాడు ఎవరింటి పిల్లాడో అన్నట్టే చూశాను.

రెండు వారాలు దాటినా మనసులో బరువు దిగకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, నేను పనికిరాను, నేను లేకపోతేనే మేలు అనిపిస్తుంటే అది జబ్బు. దానికి మందుంది, పాలిస్తూ వాడే మందులున్నాయి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బాలింత లేనివి ఉన్నట్టు వింటున్నా, చూస్తున్నా, బిడ్డకు ఏదైనా చేస్తానంటున్నా అది గాలి సోకడం కాదు. ఒంటరిగా వదలకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి?

బిడ్డ పాలు తాగడం మానేస్తే, చంకలో పెట్టి చూసినప్పుడు జ్వరం 99.5 దాటితే లేదా ఒళ్లు చల్లబడితే, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము వచ్చినా. తల్లికి జ్వరం 100.4 దాటినా, కళ్లు మసకబారేంత తలనొప్పి వచ్చినా, ఒక కాలు వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, రక్తం ఎక్కువ పోతున్నా. కాన్పయింది కదా, బీపీ సంగతి అయిపోయింది అనుకోకండి, ఆరు వారాల దాకా అది పెరగొచ్చు. 108కి ఫోన్ చేయండి, తెల్లవారాక చూద్దాం అనొద్దు.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి, బిడ్డను తూచాలి. రాకపోతే మీరే కబురు పెట్టండి. ఆరో వారం టీకాలు మరిచిపోకండి.

అమెరికాలో కాన్పు. అమ్మ వీసా మీద వస్తోంది. ఏం తేవాలి?

కాయం, వాము, నువ్వులపొడి సరే, విమానం ఎక్కేముందు నియమాలు చూసుకోమనండి. కాటుక, గ్రైప్ వాటర్, వస కొమ్ము సూట్‌కేసులోంచి తీసేయండి. అక్కడ పుట్టిన మూడు నుంచి అయిదో రోజు లోపు పిల్లల డాక్టరు చూస్తారు, నెల లోపు బిడ్డకు 100.4 జ్వరమంటే నేరుగా ఎమర్జెన్సీకే రమ్మంటారు. అమ్మ రాలేకపోయినవాళ్లకు నా సలహా ఒకటి: పాత్రలు తోమడానికి, బట్టలకు వారానికి రెండుసార్లయినా మనిషిని పెట్టుకోండి, స్ట్రోలర్ మీద పెట్టే డబ్బు దానిమీద పెట్టండి.

పాలిస్తున్నంతకాలం మళ్లీ గర్భం రాదంటారు, నిజమేనా?

మూడూ కలిస్తేనే: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి మళ్లీ మొదలవకూడదు. ఒక్కటి తప్పినా నమ్మకం లేదు, పైగా నెలసరి రాకముందే అండం విడుదలవుతుంది. ఆరో వారం చెకప్‌కి వెళ్లినప్పుడే కాపర్-టీ గురించో, పాలిచ్చేటప్పుడు వాడే మాత్రల గురించో అడిగేయండి. అందరి ముందూ అడగడానికి మొహమాటమైతే చీటీ మీద రాసుకెళ్లండి, నేనూ అలాగే రాసుకెళ్లాను.